నేటివ్‌గా నడిచిన మనిషి: అలన్ ట్యూరింగ్

మన బ్రాంచిలో నేటివ్ అన్న మాట రోజుకి పదిసార్లు వినిపిస్తుంది. ఈ యాప్ నేటివ్ కాదు బ్రో, అందుకే ఇంత స్లో. ఈ గేమ్ లినక్స్‌లో నేటివ్‌గా రాదు, వైన్ పెట్టుకుని ఆడుకో. కొత్త మ్యాక్ కొన్న సీనియర్ ఒకాయనైతే తన సాఫ్ట్‌వేర్ ఏది నేటివ్‌గా నడుస్తోంది, ఏది రోసెట్టా మీద నడుస్తోంది అని చెక్ చేసుకోవడమే హాబీగా పెట్టుకున్నాడు. అర్థం మనందరికీ తెలిసిందే. ప్రోగ్రామ్‌లో ఉన్న ఇన్‌స్ట్రక్షన్లు ఆ ప్రాసెసర్‌కి పుట్టుకతో తెలిసిన ఇన్‌స్ట్రక్షన్లే అయితే అది నేటివ్. మధ్యలో ఇంకొకడు కూర్చుని ఒక్కో మాటా అనువాదం చేసి పెడుతుంటే నేటివ్ కాదు.

ఈ కథలో రెండు వైపులా ఒకే మనిషి ఉన్నాడు. ఒకే ఒక్క మెషీన్ మిగతా అన్ని మెషీన్లనీ అనుకరించగలదని గణితంతో చూపించింది ఆయనే. తీరా నిజం మెషీన్ చేతికొచ్చాక, మధ్యలో అనువాదం ఎందుకు, మెషీన్ భాషే నేర్చుకోండి అని కూర్చున్నదీ ఆయనే. మనకి మాత్రం ఆయన ఆటోమేటా సబ్జెక్ట్‌లో ఒక యూనిట్‌గా మిగిలిపోయాడు. పరీక్షలో టేప్ గీస్తాం, హెడ్ గీస్తాం, ట్రాన్సిషన్ టేబుల్ రాస్తాం, వచ్చేస్తాం.

ముందు మనవాళ్లకి నచ్చే విషయం చెప్తాను. ట్యూరింగ్ వాళ్ల నాన్న జూలియస్ ట్యూరింగ్ ఇండియన్ సివిల్ సర్వీస్ ఆఫీసర్. ఉద్యోగం మద్రాసు ప్రెసిడెన్సీలో. పెద్ద కొడుకు జాన్ 1908లో కూనూరులో పుట్టాక, తర్వాతి మూడేళ్లలో ఆ కుటుంబం తిరిగిన ఊళ్ల పేర్లు చూడండి: పార్వతీపురం, విశాఖపట్నం, అనంతపురం, బెజవాడ, శ్రీకాకుళం, కర్నూలు. చివరికి 1911 మార్చిలో ఛత్రపురం చేరారు, అది ఇప్పుడు ఒడిశాలో ఉంది. మన ఏపీపీఎస్సీ ట్రాన్స్‌ఫర్ల లిస్టులాగే ఉంది కదా! అమ్మ ఎథెల్ సారా స్టోనీ అయితే పుట్టిందే ఇక్కడ, కోయంబత్తూరు దగ్గర పొదనూరులో. ఆవిడ తండ్రి ఎడ్వర్డ్ స్టోనీ మద్రాసు రైల్వేలో చీఫ్ ఇంజినీర్. తుంగభద్ర మీద రైలు వంతెన కట్టించాడు. చప్పుడు చేయకుండా తిరిగే పంఖా చక్రం ఒకటి కనిపెట్టి పేటెంట్ కూడా తీసుకున్నాడు. మనవడికి మెషీన్ల పిచ్చి ఎక్కడినుంచి వచ్చిందో వేరే వెతకక్కర్లేదు.

అలన్ మాత్రం ఇక్కడ పుట్టలేదు. తల్లి కడుపుతో ఉన్నప్పుడు వాళ్లు ఇంగ్లండ్ వెళ్లారు, 1912 జూన్ 23న లండన్‌లో పుట్టాడు. ఆ తర్వాత తల్లిదండ్రులు మళ్లీ ఇండియాకి వచ్చేశారు, పిల్లలిద్దరినీ సముద్రం ఒడ్డున సెయింట్ లెనార్డ్స్ అనే ఊళ్లో ఒక రిటైర్డ్ కర్నల్ దంపతుల ఇంట్లో వదిలి. ఇండియా ఎండలు పిల్లలకి పడవని అప్పటి ఇంగ్లిష్ ఆఫీసర్ల నమ్మకం. అంటే ఈ పిల్లాడు పుట్టినప్పటినుంచీ సొంత ఇల్లు కాని చోటే పెరిగాడు. నాన్న అనంతపురం, బెజవాడ తిరిగిన మనిషి, కొడుకు ఆ ఊళ్లు ఎప్పుడూ చూడలేదు.

స్కూల్ రోజులు తొందరగా దాటేస్తాను, ఒక్క సంగతి తప్ప. 1926లో షెర్బోర్న్ స్కూల్లో చేరాల్సిన మొదటి రోజుకి దేశమంతా సమ్మె, రైళ్లు లేవు. పదమూడేళ్ల కుర్రాడు సౌతాంప్టన్ నుంచి దాదాపు 60 మైళ్లు సైకిల్ తొక్కుకుంటూ వెళ్లిపోయాడు. స్కూల్లో దొరికిన ఒకే ఒక్క ప్రాణస్నేహితుడు క్రిస్టఫర్ మోర్కమ్ 1930 ఫిబ్రవరిలో టీబీతో చనిపోయాడు. మనసు శరీరం మీద ఎలా ఆధారపడి ఉంటుంది, శరీరం లేకపోతే ఆలోచన ఎక్కడ నడుస్తుంది అన్న ప్రశ్న ఆయన్ని అప్పుడే పట్టుకుంది. మన భాషలో చెప్పాలంటే, ప్లాట్‌ఫారం పోతే ప్రోగ్రామ్ ఏమవుతుంది అన్న ప్రశ్న. అది సరదాగా పుట్టిన ప్రశ్న కాదు.

1931లో కేంబ్రిడ్జ్ కింగ్స్ కాలేజీ. 1935లో, 22 ఏళ్లకే అక్కడ ఫెలో. 1936లో ఆ పేపర్.

అప్పట్లో జర్మన్ గణిత శాస్త్రవేత్త హిల్బర్ట్ వేసిన ప్రశ్న ఒకటి గాల్లో ఉంది. ఏ గణిత వాక్యం ఇచ్చినా, అది నిరూపించడానికి వీలవుతుందో లేదో యాంత్రికంగా తేల్చే పద్ధతి ఉందా అని. లేదు అని చెప్పాలంటే, ముందు యాంత్రికమైన పద్ధతి అంటే ఏంటో చెప్పాలి. ట్యూరింగ్ చేసింది చాలా సింపుల్‌గా కనిపిస్తుంది. కాగితం, పెన్సిల్ పట్టుకుని లెక్కలు చేసే ఒక గుమాస్తాని ఊహించుకున్నాడు. ఆ రోజుల్లో కంప్యూటర్ అంటే మెషీన్ కాదు, మనిషి. లెక్కలు కట్టే ఉద్యోగం పేరు అది. ఆ మనిషి ఒక్కసారికి ఎంత చూడగలడు, ఎంత గుర్తు పెట్టుకోగలడు, ఒక గడిలో ఏం రాయగలడు అని విడదీసుకుంటూ పోతే మిగిలిందే మనం పరీక్షలో గీసే టేప్, హెడ్. అంటే అల్గారిథమ్ అనేదానికి మొట్టమొదటి నేటివ్ ప్లాట్‌ఫారం మనిషే అన్నమాట. ఇది గుర్తుపెట్టుకోండి, చివర్లో పనికొస్తుంది.

అదే పేపర్లో యూనివర్సల్ మెషీన్ ఉంది. ఏ మెషీన్ కావాలంటే ఆ మెషీన్ వర్ణనని టేప్ మీద గుర్తులుగా రాసి ఇస్తే, ఈ ఒక్క మెషీన్ దాన్ని చదువుకుంటూ అచ్చం దానిలాగే పనిచేస్తుంది. మనం వాడే ఎమ్యులేటర్, జావా వర్చువల్ మెషీన్, పైథాన్ ఇంటర్‌ప్రెటర్, అన్నీ ఈ ఆలోచనకి మనవలూ మునిమనవలూ. హార్డ్‌వేర్‌ని డేటాగా రాయొచ్చు అన్నదే అందులో అసలు షాక్.

కానీ క్లాసులో ఎవరూ చెప్పని సంగతి ఏంటంటే, ఆ యూనివర్సల్ మెషీన్ భయంకరంగా స్లో. అది ఎలా పనిచేస్తుందో ఒకసారి చూడండి. అనుకరిస్తున్న మెషీన్ ఒక్క అడుగు వేయాలంటే, యూనివర్సల్ మెషీన్ ముందు ఆ మెషీన్ ఇప్పుడున్న పరిస్థితిని చూడాలి. తర్వాత టేప్ మొదటికి వెళ్లి, అక్కడ రాసి ఉన్న రూల్స్‌లో దీనికి సరిపోయేది ఏదో ఒక్కో గుర్తూ పోల్చుకుంటూ వెతకాలి. దొరికాక టేప్ చివరికి వచ్చి, మొత్తం పరిస్థితిని మళ్లీ కొత్తగా రాయాలి. అప్పటికి ఒక్క అడుగు అయినట్టు. తర్వాతి అడుగుకి టేప్ ఇంకాస్త పొడుగవుతుంది, మోత ఇంకాస్త పెరుగుతుంది. చేయగలదా అంటే చేయగలదు. ఎంతసేపట్లో అని ఆ పేపర్ అడగలేదు, అడగాల్సిన అవసరమూ దానికి లేదు. మనం నేటివ్, నేటివ్ అని కొట్టుకునేదంతా ఆ అడగని ప్రశ్న గురించే.

ఇంకో సరదా సంగతి. ఆ పేపర్లో రాసిన యూనివర్సల్ మెషీన్ టేబుల్‌లో తప్పులున్నాయి. పదేళ్ల తర్వాత డొనాల్డ్ డేవిస్ అనే కుర్ర ఇంజినీర్ కూర్చుని వాటిని పట్టుకున్నాడు. మెషీన్ పుట్టకముందే బగ్స్ పుట్టాయి. ఈ డేవిస్ తర్వాతి కాలంలో ప్యాకెట్ స్విచింగ్ మొదలుపెట్టిన వాళ్లలో ఒకడు, మన నెట్‌వర్క్స్ సబ్జెక్ట్‌లో ఉంటాడు.

ప్రిన్స్‌టన్‌లో 1938లో పీహెచ్‌డీ పూర్తి చేసి ట్యూరింగ్ ఇంగ్లండ్ తిరిగొచ్చాడు. 1939 సెప్టెంబర్ 3న యుద్ధం ప్రకటించారు, మర్నాడే ఆయన బ్లెచ్లీ పార్క్‌లో డ్యూటీలో ఉన్నాడు. ఈ భాగం సినిమా చూసిన వాళ్లందరికీ తెలుసు కాబట్టి మన టాపిక్‌కి కావాల్సినంతే చెప్తాను. జర్మన్ల ఎనిగ్మాలో 5 చక్రాల్లోంచి 3 ఎంచి పెట్టే క్రమాలు 60, ఒక్కో క్రమానికి మొదలుపెట్టే స్థానాలు 17,576, పైన ప్లగ్‌బోర్డ్. పోలండ్ గణితవేత్తలు రెజెవ్‌స్కీ బృందం అప్పటికే దారి వేసి పెట్టింది. ట్యూరింగ్ డిజైన్ చేసి, గార్డన్ వెల్చ్‌మన్ మెరుగుపెట్టిన బాంబ్ అనే మెషీన్ ఆ స్థానాలన్నీ తిప్పి చూసి, కుదరనివి కొట్టేస్తూ పోతుంది. మొదటిది 1940 మార్చిలో పనిలో పడింది. మామూలుగా ఒక్కో బాంబ్‌లో 36 ఎనిగ్మాలకి సమానమైన చక్రాల వరుసలుండేవి. అంటే శత్రువు మెషీన్‌ని ఇత్తడితో, తీగలతో అనుకరించే హార్డ్‌వేర్ ఎమ్యులేటర్! అయినా అది యూనివర్సల్ మెషీన్‌కి పూర్తిగా ఎదురు కొస. ఆ ఒక్క పనికే పుట్టింది, ఇంకే పనికీ పనికిరాదు. సబ్‌మెరైన్లు ఓడల్ని ముంచుతుంటే, అన్నీ చేయగల మెషీన్ కోసం ఎవరు ఆగుతారు? ఆ ఒక్కటి వేగంగా చేసేది కావాలి.

యుద్ధం అయ్యాక 1945లో నేషనల్ ఫిజికల్ లేబొరేటరీలో చేరి ఏసీఈ అనే కంప్యూటర్ డిజైన్ రాశాడు. నాకు ఆయన జీవితంలో బాగా నచ్చిన భాగం ఇది, అందుకే ఇక్కడ కాస్త ఆగుతాను.

అప్పటికి మన ర్యామ్ లాంటిది లేదు. మెమరీ అంటే పాదరసం నింపిన పొడవాటి గొట్టం. ఒక కొసన శబ్దం పంపిస్తే అది నెమ్మదిగా రెండో కొసకి చేరుతుంది, అక్కడ పట్టుకుని మళ్లీ మొదటికి పంపిస్తారు. అలా బిట్లు గొట్టంలో తిరుగుతూనే ఉంటాయి. ఒక గొట్టంలో 1024 బిట్లు, ఒక చుట్టుకి సుమారు ఒక మిల్లీసెకను. (పాదరసం బదులు నీళ్లు, ఆల్కహాల్ కలిపి వాడొచ్చని ట్యూరింగ్ లెక్క వేశాడు. ఆ పాళ్లు దాదాపు జిన్ పాళ్లే. దీనిమీద జోకులు మీరే వేసుకోండి.)

ఇందులో చిక్కు ఏంటో పెళ్లి బంతిలో కూర్చున్న ఎవరికైనా అర్థమవుతుంది. సాంబారు బకెట్ పట్టుకున్న మనిషి వరుసంతా తిరుగుతుంటాడు. ఆయన మీ ఆకు ముందుకి వచ్చే టైమ్‌కి మీరు అన్నంలో గుంట చేసి రెడీగా ఉంటే సరే. ఫోన్ చూస్తూ ఒక్క క్షణం ఆలస్యం చేశారా, మళ్లీ చుట్టు తిరిగి వచ్చేదాకా ఒట్టి అన్నమే. గొట్టంలో బిట్లు కూడా అంతే. ఇన్‌స్ట్రక్షన్లని మామూలు వరుసలో పెడితే, ఒకటి పూర్తయ్యేలోపు తర్వాతది దాటిపోతుంది, మళ్లీ దాదాపు మిల్లీసెకను ఖాళీగా కూర్చోవాలి. కాబట్టి ట్యూరింగ్ ఆలోచన ఏంటంటే, ఈ ఇన్‌స్ట్రక్షన్ పూర్తయ్యే క్షణానికి గొట్టం చివర్లో ఏ స్థానం వచ్చి ఉంటుందో లెక్కగట్టి తర్వాతి ఇన్‌స్ట్రక్షన్‌ని సరిగ్గా అక్కడే పెట్టాలి. ప్రోగ్రామర్ పాదరసం వేగాన్ని తలలో పెట్టుకుని కోడ్ రాయాలి. నేటివ్ అంటే మనం ఇన్‌స్ట్రక్షన్ సెట్ వరకే అనుకుంటాం, ఈయనకి ఫిజిక్స్ దాకా వెళ్లింది.

పిచ్చిగా అనిపిస్తుంది. కానీ ఆయన వెళ్లిపోయాక ఆ డిజైన్‌లో చిన్న ముక్కతో పైలట్ ఏసీఈ అని కట్టారు, 1950 మే 10న మొదటి ప్రోగ్రామ్ నడిచింది. క్లాక్ 1 మెగాహెర్ట్జ్. చిన్న మెషీనే అయినా ఆ కాలపు వేగమైన కంప్యూటర్లలో ఒకటిగా నిలబడింది. హార్డ్‌వేర్ తక్కువ పెట్టి, కష్టం ప్రోగ్రామర్ నెత్తిన పెట్టిన ఫలితం అది.

ఆయన వెళ్లిపోయాడు అన్నాను కదా. కట్టకుండా ఏళ్లు గడిపేస్తుంటే విసుగొచ్చి వెళ్లిపోయాడు. 1948లో మాంచెస్టర్ చేరాడు. ఆ ఏడాది జూన్ 21న అక్కడ విలియమ్స్, కిల్‌బర్న్ కట్టిన బేబీ అనే చిన్న మెషీన్, మెమరీలో దాచుకున్న ప్రోగ్రామ్‌ని నడిపిన మొదటి ఎలక్ట్రానిక్ కంప్యూటర్ అయింది. దానికి పెద్ద రూపం ఫెరాంటీ మార్క్ 1, 1951 ఫిబ్రవరిలో యూనివర్సిటీకి వచ్చింది. దాని ప్రోగ్రామర్ల హ్యాండ్‌బుక్ రాసింది ట్యూరింగ్.

మన యూనివర్సల్ మెషీన్ మనిషి రాసిన మాన్యువల్ ఎలా ఉంటుందనుకుంటున్నారు? ఇన్‌స్ట్రక్షన్‌కి 20 బిట్లు. వాటిని ఐదేసి బిట్లుగా విడగొట్టి, టెలిప్రింటర్ కోడ్‌లో ఆ ఐదు బిట్లకి ఏ అక్షరం ఉందో ఆ అక్షరం రాయాలి. ఒక ఇన్‌స్ట్రక్షన్ అంటే నాలుగు అక్షరాలు. అంకెలు కూడా అంతే, 32 బేస్‌లో. సున్నాకి వాలు గీత, 1కి ఈ, 2కి యాట్ గుర్తు, 3కి ఏ. ఎందుకు ఆ వరుస అని అడక్కండి, టెలిప్రింటర్ వాళ్లని అడగాలి. పైగా చిన్న స్థానం ఎడమవైపు ఉంటుంది, అంటే సంఖ్యలన్నీ తిరగరాసి ఉంటాయి. 64 రాయాలంటే ముందు వాలు గీత, తర్వాత యాట్ గుర్తు. సున్నాలు ఎక్కువ కాబట్టి కాగితం నిండా వాన పడినట్టు వాలు గీతలే.

ఆయనకి ఇది కష్టంగా అనిపించలేదు, అదే సమస్య. 1949లో కేంబ్రిడ్జ్‌లో ఒక సదస్సులో ప్రోగ్రామ్ సరిగ్గా పనిచేస్తుందని ఎలా నిరూపించాలో చెబుతూ, బోర్డు మీద అంకెలన్నీ తిరగేసి రాశాడు, ఎదురుగా కూర్చున్న వాళ్లకి బుర్ర తిరిగింది. అదే కేంబ్రిడ్జ్‌లో విల్క్స్ బృందం ఎడ్సాక్ మీద వేరే దారి పట్టింది. డేవిడ్ వీలర్ రాసిన చిన్న కోడ్ ఉండేది అందులో, మనిషి మామూలు అక్షరాలతో, దశాంశ సంఖ్యలతో రాసిన దాన్ని మెషీనే బైనరీలోకి మార్చుకునేది. అంటే అసెంబ్లర్‌కి మొదటి రూపం.

ట్యూరింగ్‌కి ఆ ఐడియా తెలియక కాదు. 1947లోనే లండన్ మ్యాథమెటికల్ సొసైటీలో మాట్లాడుతూ, తగిన ఇన్‌స్ట్రక్షన్ టేబుల్ మెషీన్‌కి ఇస్తే ఏ సంకేత భాషలో చెప్పినా అది అర్థం చేసుకుంటుందని చెప్పాడు. ఆయన యూనివర్సల్ మెషీన్‌లోనే ఆ విషయం ఉంది. కానీ మాంచెస్టర్‌లో ఆ పని తను పెట్టుకోలేదు. ఎందుకు అన్నదానికి నా అభిప్రాయం చెప్తాను, ఒప్పుకోకపోయినా పర్లేదు. అనువాదం ఎక్కడో అక్కడ జరగాల్సిందే. మనిషి బుర్రలో జరగాలా, మెషీన్‌లో జరగాలా అన్నదే ప్రశ్న. ఆ మెషీన్ యూనివర్సిటీకి ఒక్కటే ఉంది, దాని టైమ్ బంగారం. మనుషులు మాత్రం నేర్చుకోగలరు అనుకున్నాడు. తనలాంటి మనుషులని.

ఇది నాకు బయటి విషయంలా అనిపించదు. నేను నర్సరీ నుంచి ఇంగ్లిష్ మీడియం. ఈ వ్యాసం రాస్తున్నప్పుడు కూడా సగం వాక్యాలు ముందు ఇంగ్లిష్‌లో వచ్చి, లోపల ఎవరో మార్చి పెడితే తెలుగులో బయటికొస్తున్నాయి. మా అమ్మమ్మ మాట్లాడుతుంటే ఆ మధ్య మనిషి ఉండడు, మాట తన్నుకుంటూ వస్తుంది. తేడా చెవికి తెలిసిపోతుంది. అలాగని నేను మాట్లాడేది తెలుగు కాకుండా పోదు, కాస్త స్లో అంతే. రోసెట్టా కూడా ఇదే పని చేస్తుంది. 2020లో యాపిల్ ఇంటెల్ చిప్‌లు వదిలి ఎం1కి మారినప్పుడు, పాత ప్రోగ్రామ్‌లని ముందే ఒకసారి మొత్తం అనువదించి దాచుకుని నడిపింది. చాలామందికి తేడా తెలియనే లేదు. రోసెట్టాలా అన్నీ ముందే మార్చి పెట్టుకున్నవాడు సాఫీగా మాట్లాడేస్తాడు, ఇంటర్‌ప్రెటర్‌లా అప్పటికప్పుడు మార్చుకునేవాడు నత్తినత్తిగా వస్తాడు. స్టేజీ ఎక్కిన మన క్లబ్ మెంబర్లని చూస్తే ఎవరు ఏ రకమో చెప్పేయొచ్చు.

మాంచెస్టర్‌లో ట్యూరింగ్ రాత్రుళ్లు మెషీన్ ముందు కూర్చునేవాడు. మెమరీ టీవీ ట్యూబుల్లాంటి గాజు తెరల మీద చుక్కలుగా కనిపిస్తుంటే ఆ చుక్కల్నే చదివేసేవాడు. పులి చారలు, పూలలో రేకుల వరుసలు రసాయనాల నుంచి ఎలా ఏర్పడతాయన్న లెక్కలు దానిమీదే చేశాడు, ఆ పేపర్ 1952లో వచ్చింది. ఆయన సలహా మీద ఆ మెషీన్‌లో నిజమైన యాదృచ్ఛిక సంఖ్యలిచ్చే ఇన్‌స్ట్రక్షన్ కూడా పెట్టారు, కరెంటు రొద నుంచి పుట్టే సంఖ్యలు. అనుకరణకి లొంగని ముక్క ఒకటి ఆయనే హార్డ్‌వేర్‌లో పెట్టించాడు చూడండి.

ఆయన 1950 పేపర్ అందరికీ తెలిసింది. మెషీన్ ఆలోచిస్తుందా అన్న ప్రశ్నని పక్కన పెట్టి, మనిషిలా అనుకరించగలదా అని అడగమన్నాడు. అనుకరణ గురించి అంత రాసిన మనిషికి తన బతుకులో అది చేతకాలేదు. 1952 జనవరిలో ఇంట్లో దొంగతనం జరిగితే తనే పోలీసుల దగ్గరికి వెళ్లాడు. విచారణలో ఒక యువకుడితో తన సంబంధం గురించి అడిగితే దాచకుండా చెప్పేశాడు. మగవాళ్ల మధ్య సంబంధం 1885 నాటి చట్టం ప్రకారం అక్కడ నేరం. మార్చి 31న శిక్ష పడింది: జైలు, లేదా ఏడాది పాటు హార్మోన్ మందులు. ఆయన మందులు తీసుకున్నాడు. యుద్ధంలో దేశాన్ని కాచిన పనికి ఉన్న సెక్యూరిటీ అనుమతి పోయింది. ఆ పని రహస్యం కాబట్టి, కోర్టులో దాని గురించి వివరంగా చెప్పుకునే వీలు కూడా లేదు. 1954 జూన్ 7న సైనైడ్‌తో చనిపోయాడు, 41 ఏళ్లు. ఆత్మహత్య అని విచారణలో తేల్చారు, తల్లి మాత్రం ప్రమాదం అనే నమ్మింది. 2009లో బ్రిటన్ ప్రధాని క్షమాపణ చెప్పాడు, 2013లో రాణి క్షమాభిక్ష ఇచ్చింది, 2021లో 50 పౌండ్ల నోటు మీద బొమ్మ వేశారు. అదే బ్రిటిష్ వాళ్లు 1860లో మనకి రాసిచ్చిన 377 సెక్షన్‌ని ఈ విషయంలో మన సుప్రీంకోర్టు పక్కన పెట్టింది 2018 సెప్టెంబర్ 6న. ఎవరి పూర్వీకుల కోడ్ ఎవరి మెషీన్‌లో ఎన్నేళ్లు నడిచిందో!

ఆయన పేరు మీద ఇచ్చే ట్యూరింగ్ అవార్డు 1994లో చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన రాజ్ రెడ్డి గారికి వచ్చింది. ఈ సంగతి మన డిపార్ట్‌మెంట్ నోటీస్ బోర్డులో ఉండాల్సింది.

ఇప్పుడు ముందు గుర్తుపెట్టుకోమన్న దాని దగ్గరికి వస్తాను. 1948 ప్రాంతంలో ట్యూరింగ్, మిత్రుడు ఛాంపర్‌నౌన్ కలిసి చదరంగం ఆడే ప్రోగ్రామ్ ఒకటి రాశారు, పేరు టురోచాంప్. దాన్ని నడపగల మెషీన్ లేదు. అందుకని 1952లో ట్యూరింగే మెషీన్ అయ్యాడు. కాగితం మీద రూల్స్ పెట్టుకుని, ప్రతి ఎత్తుకీ తన ప్రోగ్రామ్ ఏం చెబుతుందో చేత్తో లెక్క కట్టి ఆ ఎత్తే వేశాడు. ఒక్కో ఎత్తుకి అరగంట దాకా పట్టేది. ప్రోగ్రామ్ పిచ్చి ఎత్తు వేస్తుంటే, అది పిచ్చి ఎత్తని తెలిసీ వేయాలి. కంప్యూటర్ అన్న మాటకి పాత అర్థం ఆ టేబుల్ దగ్గర మళ్లీ బతికింది. 29 ఎత్తుల్లో ఓడిపోయాడు.

ఎదురుగా కూర్చుని గెలిచింది అలిక్ గ్లెన్నీ. ఆయన అదే ఏడాది మార్క్ 1 కోసం ఆటోకోడ్ అని ఒకటి రాశాడు. మనిషి కాస్త చదవగలిగే గుర్తులతో రాస్తే దాన్ని మెషీన్ సొంత కోడ్‌లోకి మార్చిపెట్టే ప్రోగ్రామ్. ప్రపంచంలో మొదటి కంపైలర్లలో దాన్నీ లెక్కపెడతారు. వాలు గీతల వాన నేర్చుకోనక్కర్లేదు, నడిచేది మాత్రం నేటివ్‌గానే నడుస్తుంది. 1954లో టోనీ బ్రూకర్ ఇంకా తేలికైన ఆటోకోడ్ తెచ్చాక మాంచెస్టర్ మెషీన్ వాడేవాళ్లు చాలామంది అటే వెళ్లిపోయారు.

టురోచాంప్‌ని తర్వాతి తరం వాళ్లు ట్యూరింగ్ రాసి పెట్టిన రూల్స్‌తో కంప్యూటర్ మీద తిరిగి రాశారు. మొదట్లో అది ఆడిన ఎత్తులు, 1952లో ఆయన చేత్తో ఆడిన ఎత్తులు సరిపోలేదు. తమ కోడ్‌లో తప్పుందేమోనని వాళ్లు చాలా వెతికారు. చివరికి తేలిందేంటంటే, అరగంట లెక్క కట్టాల్సిన చోట కొన్నిసార్లు ట్యూరింగ్ అంత ఓపిక పట్టలేదు. 2012 జూన్‌లో, ఆయన శతజయంతికి మాంచెస్టర్‌లో కాస్పరోవ్ ఆ ప్రోగ్రామ్‌తో ఆడాడు. ఈసారి దానికి మధ్యలో మనిషి లేడు, ఎత్తుకి అరగంటా పట్టలేదు. కాస్పరోవ్ 16 ఎత్తుల్లో కట్టేశాడు.